గెలుపు ముందే రాసిపెట్టి ఉంటే అండర్‌టేకర్ గొప్పేమిటి?

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవ్వాలని మీ ప్రశ్నని కుదించి మళ్లీ రాస్తున్నాను. చిన్నప్పుడు మీకు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) రెజ్లర్ అండర్‌టేకర్ అంటే పిచ్చి. ఇప్పుడు మీ మేనల్లుడు "అంతా ముందే రాసుకున్నదే కదా మావయ్యా, రెజిల్‌మేనియాలో వరసగా 21 గెలిచాడంటే 21 సార్లు గెలిపించారనేగా" అంటున్నాడు. (రెజిల్‌మేనియా అంటే ఆ కంపెనీ ఏటా పెట్టే అతి పెద్ద షో.) ఏం చెప్పాలో మీకు తోచలేదు. ఆయన అసలు కథేమిటి, నిజంగా దెబ్బలు తగిలేవా, కేన్ సొంత తమ్ముడేనా, అక్షయ్ కుమార్ సినిమాలో ఉన్నది ఆయనేనా అని అడిగారు.

నేను సినిమాల్లో ఫైటర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు కుర్రాళ్లకి పడటం నేర్పుతుంటాను. రెజ్లింగ్‌ని నేను చూసేది ఆ కంటితోనే. నా జవాబు కూడా అటువైపు నుంచే ఉంటుంది.

చిన్నవి ముందు తేల్చేద్దాం. కథలో తమ్ముడిగా చూపించిన ముసుగు రెజ్లర్ కేన్ ఆయనకి తమ్ముడూ కాదు, చుట్టమూ కాదు. అసలు పేరు గ్లెన్ జేకబ్స్. కేన్ ముసుగు వేసుకోకముందు అదే కంపెనీలో పళ్ల డాక్టర్ వేషం కూడా వేశాడు. 2018లో టెనెసీ రాష్ట్రంలోని నాక్స్ కౌంటీకి మేయర్‌గా గెలిచాడు. ఇక 1996లో వచ్చిన అక్షయ్ కుమార్ హిందీ సినిమాలో కనిపించింది బ్రయన్ లీ అనే మరో రెజ్లర్. తమాషా ఏంటంటే, 1994 సమ్మర్‌స్లామ్ షోలో "దొంగ అండర్‌టేకర్"గా దిగి అసలాయన చేతిలో ఓడిపోయింది కూడా ఈ బ్రయన్ లీనే. సినిమావాళ్లకి దొరికింది డూపే, కానీ కంపెనీ ముద్ర పడిన డూప్!

ఆయనకి ఏడు ప్రాణాలని, ఆరు అయిపోయాయని మన స్కూళ్లలో ట్రంప్ కార్డులు పంచుకుంటూ చెప్పుకున్న మాటకి ఎక్కడా ఆధారం లేదు. కథలో చచ్చిపోయింది మాత్రం నిజం. 1994 రాయల్ రంబుల్ షోలో యోకోజునా అనే భారీ రెజ్లర్ బృందం శవపేటికలో పెట్టి మూసేసింది. అప్పుడు ఆయన వీపు దెబ్బతింది, కొన్ని నెలలు సెలవు కావాలి. మామూలు రెజ్లర్‌కి సెలవు కావాలంటే కాలు విరిగిందని చెప్తారు. ఈయనది శవాల్ని సాగనంపే పాత్ర కాబట్టి చంపేశారు. 1998లో కేన్ పేటికకి నిప్పు పెట్టాడు. 2003లో మట్టి కప్పి పాతిపెట్టారు. ఆ చివరిదాని వెనుక వేరే పని ఉంది, తర్వాత చెప్తాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. పద్యనాటకంలో దుర్యోధనుడు చివరికి తొడ విరిగి పడిపోతాడని ముందు వరుసలో కూర్చున్న పిల్లాడికి కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుని చూస్తారు. ఎవరు పాడారు, ఎలా పాడారు అన్నదే లెక్క. రెజ్లింగ్‌లో ఫలితం బుకర్, అంటే ఎవరు గెలవాలో ముందే నిర్ణయించేవాడి, చేతిలో ఉంటుంది. కానీ ఒక మనిషికి వరసగా 21 సార్లు, అదీ ఏడాదిలో అతి పెద్ద రాత్రి గెలుపు ఇచ్చారంటే, ఎదుటివాళ్లు అందుకు ఒప్పుకుని ఒళ్లప్పగించారంటే, ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. అది మాత్రం స్క్రిప్ట్ కాదు.

అసలు పేరు మార్క్ విలియం కాలవే. 1965 మార్చి 24న టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో పుట్టాడు, ఐదుగురు మగపిల్లల్లో ఆఖరివాడు. మొదట బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఏంజెలినా కాలేజీలో ఆ ఆట మీదే స్కాలర్‌షిప్ వచ్చింది, తర్వాత ఫోర్ట్‌వర్త్‌లో టెక్సస్ వెస్లియన్‌కి ఆడాడు. దాదాపు ఏడడుగుల మనిషి అంత తేలిగ్గా కదలడం ఆ కోర్టులోనే అలవాటైంది. తాడు పైకెక్కి, ప్రత్యర్థి చెయ్యి పట్టుకుని నడిచి దూకే "ఓల్డ్ స్కూల్" గుర్తుందా? అది ముసుగు రెజ్లర్ స్పాయిలర్, అంటే డాన్ జార్డిన్, దగ్గరనుంచి తీసుకున్నది. అంతకుముందు శిక్షణ ఇస్తానని బజ్ సాయర్ అనే రెజ్లర్ డబ్బు తీసుకుని ఊరొదిలి పోయాడని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

1987లో డాలస్‌లో ముసుగు వేసుకుని "టెక్సస్ రెడ్" పేరుతో బ్రూయిజర్ బ్రోడీ మీద దిగి ఓడిపోయాడు. అక్కడినుంచి మూడేళ్లు ఊరికో పేరు. మెంఫిస్‌లో "మాస్టర్ ఆఫ్ పెయిన్", మళ్లీ టెక్సస్‌లో "పనిషర్", డబ్ల్యూసీడబ్ల్యూ అనే పోటీ కంపెనీలో "మీన్ మార్క్". ఆ చివరిచోట బుకర్‌గా ఉన్న ఓల్ ఆండర్సన్, నిన్ను చూడటానికి ఎవరూ డబ్బు పెట్టరని మొహం మీదే చెప్పేశాడు. కుర్రాడు ఉద్యోగం వదిలి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యజమాని విన్స్ మెక్‌మాన్ దగ్గరికి వెళ్లాడు.

ఇక్కడ ఆయన స్వయంగా చెప్పే ఒక కథ నాకు చాలా ఇష్టం. అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ టీవీలో ఒక పెద్ద గుడ్డు చూపించి, సర్వైవర్ సిరీస్ షో రోజు అందులోంచి ఏదో బయటికొస్తుందని ఊరించేవాళ్లు. విన్స్ నుంచి పిలుపు రాగానే మనవాడికి టెన్షన్ పట్టుకుంది, ఆ గుడ్డులోంచి వచ్చేది నేనేనేమో అని. అదృష్టం బాగుంది. 1990 నవంబర్ 22న కనెటికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో గుడ్డు పగిలి టర్కీ కోడి వేషంలో హెక్టర్ గెరేరో బయటికొచ్చాడు. అదే రాత్రి టెడ్ డిబియాసీ రహస్య భాగస్వామిగా నల్ల కోటు, నల్ల టోపీ, బూడిదరంగు గ్లవ్స్‌తో అండర్‌టేకర్ నడిచొచ్చాడు. పాత కౌబాయ్ సినిమాల్లో ఉరి పడ్డాక కొలతలు తీసుకోడానికి వచ్చే శవపేటికల మనిషి తరహా. రింగ్‌లోకి దిగిన కాసేపటికే కోకో బి. వేర్‌ని టూంబ్‌స్టోన్ అనే తన పట్టుతో అవుట్ చేశాడు.

మొదటి ఏడాది మ్యాచ్‌లు ఇప్పుడు చూస్తే మీ మేనల్లుడికి విసుగు పుడుతుంది. ఆయన పెద్దగా ఏమీ చేయడు. మెల్లగా నడుస్తాడు, కొడితే చలించడు, పడితే నడుం దగ్గర మడిచినట్టు లేచి కూర్చుంటాడు. కానీ ఫైట్స్ తెలిసినవాళ్లని అడగండి, కొత్తవాడికి అన్నిటికన్నా కష్టం ఖాళీగా నిలబడటం. పాతికేళ్ల కుర్రాడు, వేలమంది చూస్తుంటే ఏదో ఒకటి చేసెయ్యాలనిపిస్తుంది. ఇతను చెయ్యలేదు. చుట్టూ అందరూ అరుస్తూ పరిగెత్తే కాలంలో ఒక్కడే నెమ్మదిగా నడిచాడు, జనం కళ్లు అతని మీదే నిలిచాయి. 1991లో పక్కన మేనేజర్‌గా పాల్ బేరర్ చేరాడు. చేతిలో అస్థికల పాత్ర, పెద్ద కళ్లు, కీచు గొంతు. ఆయన అసలు పేరు విలియం మూడీ. నిజజీవితంలోనూ లైసెన్స్ ఉన్న అంత్యక్రియల నిర్వాహకుడే!

1991 నవంబర్‌లో హల్క్ హోగన్ మీద మొదటిసారి టైటిల్ గెలిచి వారం తిరక్కముందే పోగొట్టుకున్నాడు. మొత్తం కెరీర్‌లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ టైటిల్ నాలుగుసార్లు, వరల్డ్ హెవీవెయిట్ మూడుసార్లు. అంతకన్నా బెల్టుల గురించి రాయను. ఆయన విలువ బెల్టుతో పెరిగింది కాదు. కొన్నేళ్లపాటు కంపెనీ ఆయన్ని వాడింది దాదాపు కదల్లేని భారీ మనుషుల్ని చూడదగ్గట్టు చేయడానికి. జయంట్ గొంజాలెజ్ గుర్తున్నాడా, ఒంటి మీద కండలు పెయింట్ చేసిన సూట్ వేసుకున్నవాడు? అర్జెంటీనా బాస్కెట్‌బాల్ ఆటగాడు, అండర్‌టేకర్‌ని కూడా పొట్టివాడిగా చూపించేంత ఎత్తు. 1993 రెజిల్‌మేనియాలో అతనితో మ్యాచ్ చాలా చెత్తగా ఉంటుంది. కానీ అది స్ట్రీక్‌లో, అంటే ఆ వరస 21 గెలుపుల్లో, మూడోది. ఆ రోజు ఎవరూ లెక్కపెట్టలేదు.

దెబ్బల సంగతి అడిగారు కదా. రింగ్ అడుగున ఉక్కు దూలాలు, వాటిపైన చెక్క పలకలు, పలచటి ఫోమ్, కాన్వాస్. అంతే. మా సినిమా ఫైట్‌లో కింద మందపాటి పరుపులుంటాయి, షాట్ షాట్‌కీ కట్ ఉంటుంది. అక్కడ రెండూ లేవు. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, వీపు పైభాగమంతా ఒకేసారి నేలకి తగిలేలా, చేతులు చాచి చరుస్తూ పడతారు. వాళ్లు దాన్ని బంప్ అంటారు. నొప్పి తగ్గుతుంది కానీ పోదు. మూడు వందల పౌండ్ల మనిషి ఏడాదికి ఎన్ని రాత్రులు అలా పడ్డాడో ఊహించుకోండి.

టూంబ్‌స్టోన్ సంగతి వేరే. ఎదుటివాణ్ని తలకిందులుగా ఎత్తి, ఒంటికి హత్తుకుని, మోకాళ్ల మీద కూలబడతాడు. సరిగ్గా చేస్తే తల నేలకి తగలదు, చేసేవాడి తొడల మధ్య కాస్త పైనే ఉండిపోతుంది. బరువంతా పడేది చేసేవాడి మోకాళ్ల మీద. అంటే చూసేవాళ్లకి చచ్చిపోయినట్టు కనపడేవాడు క్షేమంగా ఉంటాడు, చంపినట్టు కనపడేవాడికి దెబ్బ తగులుతుంది. తేడా వస్తే ఏమవుతుందో 1997 సమ్మర్‌స్లామ్‌లో అందరూ చూశారు. ఓవెన్ హార్ట్ ఇదే తరహా పట్టు వేస్తూ మోకాళ్ల మీద కాకుండా కూర్చున్నట్టు పడటంతో స్టీవ్ ఆస్టిన్ తల సూటిగా నేలకి కొట్టుకుంది, మెడ దెబ్బతింది, కాసేపు కాళ్లూ చేతులూ కదల్లేదు. కాలక్రమంలో కంపెనీ పైల్‌డ్రైవర్‌ని, అంటే ఇలా తలకిందులుగా ఎత్తి కూలబడే పట్టుని, దాదాపు అందరికీ ఆపేసి, అండర్‌టేకర్‌కి, కేన్‌కి మాత్రం వదిలింది. మీ మేనల్లుడికి నేను చెప్పే జవాబు ఇదే. గెలుపు రాసివ్వచ్చు, కానీ ఇంకొకడి మెడ నీ చేతిలో పెట్టే అనుమతి ఊరికే రాదు.

1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో మిక్ ఫోలీ అనే రెజ్లర్ అలాగే తన ప్రాణం ఆయన చేతిలో పెట్టాడు. హెల్ ఇన్ ఎ సెల్, అంటే పైకప్పున్న పంజరంలో మ్యాచ్. దాదాపు 16 అడుగుల ఎత్తున్న పంజరం పైనుంచి ఫోలీని కామెంటేటర్ల బల్ల మీదికి విసిరేశాడు. అది అనుకున్నదే. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఫోలీ దిగి మళ్లీ పైకెక్కాడు. అప్పుడు అండర్‌టేకర్ చోక్‌స్లామ్ (గొంతు పట్టి ఎత్తి కింద పడేయడం) వేస్తే పైకప్పు పలక ఊడిపోయి ఫోలీ రింగ్‌లోకి పడ్డాడు, వెనకే కుర్చీ వచ్చి మొహానికి తగిలింది. ఇది ఎవరూ అనుకోనిది. ఫోలీ పన్ను ఊడి ముక్కులో ఇరుక్కుంది. చచ్చిపోయాడేమో అనుకున్నానని అండర్‌టేకర్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ రాత్రి ఆయన పాదం ఎముక కూడా విరిగే ఉంది, దానితోనే పంజరం ఎక్కాడు. వీడియో చూసేటప్పుడు అందరూ పడేవాణ్నే చూస్తారు. నేను చూసేది పైన నిలబడినవాణ్ని. కింద మనిషి లేస్తాడో లేదో తెలియదు. పాత్ర వదిలి అడగడానికి లేదు, కదలకుండా అలా చూస్తూ ఉండాలి.

తెర వెనుక ఆయన స్థానం గురించి ఒక్క సంఘటన చాలు. 1997 నవంబర్‌లో మాంట్రియల్‌లో బ్రెట్ హార్ట్‌ని విన్స్ మెక్‌మాన్ రింగ్‌లోనే మోసం చేసి టైటిల్ లాగేశాడు, తర్వాత ఆఫీసు తలుపేసుకున్నాడు. ఆ తలుపు బాది, వెళ్లి బ్రెట్‌తో మాట్లాడమని యజమానికే చెప్పింది అండర్‌టేకర్. రెజ్లర్ల మధ్య గొడవలొస్తే "రెజ్లర్స్ కోర్ట్" పెట్టుకునేవాళ్లు, జడ్జి కూడా ఈయనే.

2000 మేలో మోటార్‌సైకిల్ మీద తిరిగొచ్చిన "అమెరికన్ బ్యాడాస్" రూపం మన దగ్గర చాలామందికి నచ్చలేదు. నాకు మాత్రం ఆ మూడేళ్లే ఆయన్ని కాపాడాయనిపిస్తుంది. అప్పటికి పాత వేషం అరిగిపోయింది. మామూలు మనిషిగా మాట్లాడే, తిట్టే, నొప్పికి మూలిగే అవకాశం దొరికింది. 2003లో పాతిపెట్టింది ఈ బైకర్‌నే. 2004 రెజిల్‌మేనియాలో పాల్ బేరర్‌తో కలిసి పాత నల్ల కోటులో వచ్చేసరికి జనానికి ఆ వేషం మీద మళ్లీ ఆకలి పుట్టింది. ఇలా ఆకలి పుట్టించడం తెలిసినవాళ్లు ఆ రంగంలో తక్కువ.

2006లో మన ఖలీ, అంటే పంజాబ్ పోలీసులో పనిచేసిన దలీప్ సింగ్ రాణా, డబ్ల్యూడబ్ల్యూఈలో మొదటిసారి కనపడగానే కొట్టింది అండర్‌టేకర్‌నే. ఆ మేలో జడ్జిమెంట్ డే మ్యాచ్‌లో ఛాతీ మీద కాలు పెట్టి ఓడించాడు కూడా. మనదేశంలో ఖలీకి అంత పేరు వచ్చిందంటే అందులో ఆ ఓటమిది పెద్ద వాటా. ఖలీ వేగంగా కదల్లేడు, అది అందరికీ తెలుసు. అతను భయంకరంగా కనపడటానికి కింద పడే పనంతా రెండోవాడు చేశాడు. పై స్థాయి మనిషి కొత్తవాడి ముందు అలా కూలిపోవడానికి ఒప్పుకోవడం మా సినిమాల్లో నేను చాలా తక్కువ చూశాను.

స్ట్రీక్‌ని కూడా ఎవరూ ప్లాన్ చేసి మొదలుపెట్టలేదు. 1991 మార్చి 24న, సరిగ్గా ఆయన 26వ పుట్టినరోజున, జిమ్మీ స్నూకా మీద మొదటి గెలుపు. 2002లో రిక్ ఫ్లేర్‌ని ఓడించాక ఆయన పది వేళ్లూ చూపించాడు. 2005లో ర్యాండీ ఆర్టన్ నాటికి అదే కథ అయిపోయింది. 2007 నుంచి బటిస్టా, ఎడ్జ్, తర్వాత షాన్ మైకేల్స్‌తో రెండు, ట్రిపుల్ హెచ్‌తో రెండు, సీఎం పంక్‌తో ఒకటి. నలభై దాటిన వయసులో ఆయన కెరీర్‌లోని మంచి మ్యాచ్‌ల్లో చాలా భాగం వచ్చినవి అప్పుడే.

2009లో సొంతూరు హ్యూస్టన్‌లో షాన్ మైకేల్స్‌తో జరిగింది నా లెక్కలో అన్నిటికన్నా పైన. అందులో అండర్‌టేకర్ పై తాడు మీదుగా బయటికి తలకిందులుగా దూకుతాడు. పట్టుకోవాల్సిన "కెమెరామన్" వేషంలో ఉన్నది సిమ్ స్నూకా, పైన చెప్పిన జిమ్మీ స్నూకా కొడుకు. సరైన చోట లేడు. అండర్‌టేకర్ తల నేలకి కొట్టుకుంది, నాకు ఇప్పటికీ చూస్తే కడుపులో తిప్పుతుంది. లేచి, ఇంకా చాలాసేపు ఆడి, మ్యాచ్ ముగించాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఎలిమినేషన్ చాంబర్ మ్యాచ్‌కి నడిచొస్తుంటే మంటలు తప్పు సమయానికి ఎగసి ఛాతీ, మెడ కాలాయి. నీళ్లు పోసుకుని ఆడాడు. ఇలాంటివి గొప్పగా చెప్పుకోకూడదని కుర్రాళ్లకి చెప్తుంటాను. కాలితే ఆస్పత్రికి వెళ్లాలి. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

2014 ఏప్రిల్ 6, న్యూ ఆర్లియన్స్. బ్రాక్ లెస్నర్ తన ఎఫ్-5 పట్టు మూడోసారి వేశాక రిఫరీ మూడు లెక్కపెట్టాడు. స్టేడియం నిశ్శబ్దమైపోయింది, తెర మీద 21-1 అని పడింది. నిర్ణయం విన్స్ మెక్‌మాన్‌ది. మ్యాచ్ మధ్యలో ఎక్కడో అండర్‌టేకర్ తలకి దెబ్బ తగిలి కంకషన్ అయింది, అంటే మెదడు అదిరింది. ఆ రోజు జరిగింది తనకి గుర్తు లేదని తర్వాత చెప్పాడు. రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లారు. లెస్నర్ కాదు, ఒక కొత్త కుర్రాడు గెలవాల్సిందని ఇప్పటికీ వాదిస్తారు. నా అభిప్రాయం వేరు. 2012లో మయామీలో ట్రిపుల్ హెచ్ మ్యాచ్ అయ్యాక ఆ ఇద్దరూ, రిఫరీగా ఉన్న షాన్ మైకేల్స్, ముగ్గురూ ఒకర్నొకరు పట్టుకుని నడిచివెళ్లారు. 20-0. అక్కడ ఆపేసి ఉండాల్సింది. ఆ తర్వాత పంక్ మ్యాచ్ ఒక్కటే నాకు అవసరమనిపించింది, అదీ నెల రోజుల ముందు మూడీ (పాల్ బేరర్) చనిపోయాడు కాబట్టి.

2017లో రోమన్ రైన్స్ చేతిలో ఓడి గ్లవ్స్, కోటు, టోపీ రింగ్‌లో వదిలివెళ్లాడు. తర్వాత తుంటి మార్పిడి ఆపరేషన్. ఆ మ్యాచ్ బాగా ఆడలేదన్న బాధతో మళ్లీ మళ్లీ తిరిగొచ్చాడని 2020 డాక్యుమెంటరీలో తనే ఒప్పుకున్నాడు. చివరిది 2020లో ఏజే స్టైల్స్‌తో శ్మశానంలో తీసిన బోన్‌యార్డ్ మ్యాచ్. అది సినిమాలా కట్స్‌తో తీసింది కాబట్టి ఆ ఒంటికి సరిపోయింది. రెజిల్‌మేనియా లెక్క 25-2 దగ్గర ఆగింది. 2020 నవంబర్ 22న, మొదటిసారి కనపడి సరిగ్గా ముప్ఫై ఏళ్లకి, వీడ్కోలు. కరోనా కాలం కాబట్టి ఎదురుగా జనం లేరు, తెరల మీద మొహాలే. 2022లో హాల్ ఆఫ్ ఫేమ్. ఆ తర్వాత పాడ్‌కాస్ట్ చేశాడు, కొత్త రెజ్లర్లకి కోచ్‌గా టీవీ షోలో కనిపించాడు. భార్య మిషెల్ మెకూల్ కూడా ఒకప్పుడు రెజ్లరే.

మేనల్లుడికి చూపించాలంటే 2009 షాన్ మైకేల్స్ మ్యాచ్‌తో మొదలుపెట్టండి, వెంటనే 2010ది. తర్వాత 1997 అక్టోబర్‌లో సెయింట్ లూయిస్‌లో జరిగిన మొట్టమొదటి హెల్ ఇన్ ఎ సెల్, చివర్లో కేన్ తలుపు పీకి లోపలికొస్తాడు, పిల్లలకి నచ్చుతుంది. 1998 ఫోలీ మ్యాచ్ మాత్రం వాడు చిన్నవాడైతే ఇప్పుడొద్దు. ఇంట్లో మంచం మీద తమ్ముణ్ని తలకిందులుగా ఎత్తే వయసైతే, 2019 జూన్‌లో జెడ్డాలో గోల్డ్‌బర్గ్‌తో జరిగిన మ్యాచ్ చివరి నిమిషాలు పక్కన కూర్చుని చూపించండి. యాభై దాటిన ఇద్దరు ఆరితేరినవాళ్లు, గోల్డ్‌బర్గ్‌కి అప్పటికే తల తిరుగుతోంది, ఎత్తినవాణ్ని సరిగ్గా దించలేకపోయాడు. అండర్‌టేకర్ మెడ వెంట్రుకవాసిలో తప్పింది.